అబ్బాయి యూరప్‌లో ఆడాలంటే ఇంటి మీద అప్పు చేయాలా?

అమెరికాలో ఉంటున్న ఒక తండ్రి రాశారు, పేరు వేయొద్దన్నారు. వాళ్లబ్బాయి కాలేజీ బాస్కెట్‌బాల్ చివరి ఏడాది ఆడుతున్నాడు, మేలో డిగ్రీ అయిపోతుంది. యూరప్‌లో సెకండ్ డివిజన్ క్లబ్బులో చోటు ఇప్పిస్తానని, నెలకు 2,500 యూరోల చొప్పున 8 నెలలు ఇస్తారని ఒక ఏజెంట్ చెప్పాడట. దానికి ముందు ట్రైనర్, వీడియోలు, అక్కడే ఒక ఎక్స్‌పోజర్ క్యాంపు (క్లబ్బుల వాళ్ల కంట పడేందుకు ఆడే క్యాంపు), తన ఫీజు 5 వేల డాలర్లు, అన్నీ కలిపి 35 వేల డాలర్లు ఖర్చవుతుందన్నాడు. దాచుకున్న 10 వేలూ తీసేసి, మిగతా 25 వేలకు ఇంటి మీద లోన్ పెడదామనుకుంటున్నారు. శుక్రవారంలోగా ఏ సంగతీ చెప్పాలట.

వద్దండీ. లోన్ వద్దు, ఆ 10 వేలు అసలు ముట్టుకోవద్దు. మీ ఉత్తరానికే ఎందుకు జవాబిస్తున్నానంటే, పిల్లల్ని విదేశీ లీగులకు పంపాలనుకునే చాలామంది తల్లిదండ్రులు ఇదే తప్పు చేస్తున్నారు. కాంట్రాక్టు ఇంకా కాగితం మీదకి రాలేదు, మీరు అప్పుడే ఆ జీతంతో కిస్తీలు లెక్కేస్తున్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది.

లెక్క చూడండి. 25 వేలకు 9 శాతం వడ్డీ, 5 ఏళ్లు అనుకుంటే కిస్తీ నెలకు దాదాపు 520 డాలర్లు. జీతం వచ్చేది 8 నెలలే, కిస్తీ మాత్రం 12 నెలలూ కట్టాలి. ఆ 20 వేల యూరోలను ఏడాది మొత్తానికి పరిస్తే నెలకు 1,670 కూడా లేదు. అబ్బాయికి ఫెడరల్ స్టూడెంట్ లోన్ ఉంటే డిగ్రీ అయిన 6 నెలలకు అదీ మొదలవుతుంది, అంటే సరిగ్గా సీజన్ మధ్యలో, నవంబరులో. పైగా ఏదైనా తేడా వస్తే పోయేది మీ ఇల్లు.

నా సలహా తీసుకునే ఒక కుర్రాడి సంగతి చెబుతాను. మొదటి ఏడాది ఒక చిన్న ఊరి క్లబ్బుకు వెళ్లాడు. జనవరి 10న రావాల్సిన జీతం రాలేదు. మేనేజర్‌ని అడిగితే వచ్చే వారం అన్నాడు, ఫిబ్రవరిలోనూ అదే మాట. మధ్యాహ్నం భోజనం క్లబ్బు మాట్లాడిపెట్టిన హోటల్లో, క్లబ్బు బాకీ తీర్చలేదని ఒకరోజు వాళ్లు ప్లేటు పెట్టకుండా పంపించేశారు. అప్పటికి అతని అకౌంట్‌లో 140 డాలర్లున్నాయి. చీలమండ వాచి ఉన్నా, ఆడకపోతే ఇంటికి పంపేస్తారన్న టెన్షన్‌తో టేపు చుట్టుకుని రెండు మ్యాచ్‌లు ఆడాడు. చివరికి ఒక నెల జీతం, విమానం టికెట్ ఇస్తే చాలు, మిగతా బాకీ వదులుకుంటానని సంతకం పెట్టి వచ్చేశాడు. చేతిలో నాలుగు నెలల ఖర్చుకు డబ్బుంటే ఆ సంతకం పెట్టేవాడు కాదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

అందుకే, ట్రైనర్ కంటే ముందు ఎమర్జెన్సీ ఫండ్. అబ్బాయి పేరు మీద, అమెరికా అకౌంట్‌లో, ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా కనీసం 6 నెలల ఖర్చు, దాని పైన తిరుగు ప్రయాణం టికెట్ డబ్బు. నెలకు 1,500 డాలర్లు అనుకుంటే 9 వేలు, టికెట్‌కు ఒక వెయ్యి. అంటే మీ దగ్గరున్న ఆ 10 వేలే అతని ఫండ్! కాలేజీలో పేరు, ఫొటో వాడుకున్నందుకు అబ్బాయికి ఏమైనా డబ్బు వచ్చి ఉంటే, పన్ను పక్కన పెట్టి మిగిలింది కూడా ఇందులోనే వేయండి. చాలా లీగుల్లో జట్టుకు ఇంతమందే విదేశీయులన్న పరిమితి ఉంటుంది, కాబట్టి క్లబ్బుకు ఇంకొకరు కావాలంటే ముందు తీసేసేది మీవాడినే. మెడికల్ టెస్టు పాసైతేనే చాలా కాంట్రాక్టులు అమల్లోకి వస్తాయి, అంటే అంత దూరం వెళ్లాక కూడా వెనక్కి రావాల్సి రావొచ్చు. ఇవన్నీ తట్టుకునేది ఈ డబ్బే.

జీతం ఎగ్గొడితే కేసు వేయొచ్చు కదా అంటారేమో. వేయొచ్చు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా 2007లో ఆటగాళ్లు, క్లబ్బుల గొడవల కోసం ఒక ఆర్బిట్రేషన్ ట్రిబ్యునల్ పెట్టింది, దాన్ని బ్యాట్ అంటారు. కానీ కాంట్రాక్టులో బ్యాట్ క్లాజు ఉంటేనే మామూలుగా అక్కడికి వెళ్లగలరు, వెళ్లాలన్నా ఫీజు ముందే కట్టాలి, తీర్పు వచ్చేదాకా తిండి ఖర్చు ఎవరు పెడతారు? అక్కడా ఫండే.

ఇన్సూరెన్స్ గురించి ఒక మాట. 26 ఏళ్లు వచ్చేదాకా మీ ప్లాన్‌లో ఉంచొచ్చు, కానీ అమెరికా బయట అది ఎంతవరకు పనిచేస్తుందో కంపెనీని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. కాంట్రాక్టు అయిపోయాక పాత గాయానికి చికిత్స ఎవరు చేయిస్తారో క్లబ్బునూ అడగండి. పన్ను విషయానికొస్తే, విదేశీ ఆదాయానికి మినహాయింపు ఉందని లెక్క వేసుకునే ముందు ఆగండి, 12 నెలల్లో 330 రోజులు బయట ఉండాలన్న లెక్కతో వెళితే వేసవికి ఇంటికొచ్చే ఆటగాడికి అది కుదరడం కష్టం, అక్కడ కట్టిన పన్నుకు అమెరికా పన్నులో తగ్గింపు (క్రెడిట్) వస్తుందేమో అకౌంటెంట్‌తో చూసుకోండి.

ఇక ఆ ఏజెంట్. చోటు ఇప్పించకముందే 5 వేలు అడగడం నాకు అస్సలు నచ్చలేదు. ఏజెంట్‌కు డబ్బు కాంట్రాక్టు కుదిరాక కమీషన్‌గా రావాలి, సాధారణంగా అది 10 శాతం లోపే ఉంటుంది, చాలాసార్లు క్లబ్బే ఇస్తుంది. ఫిబా లైసెన్స్ ఉన్న ఏజెంట్ల జాబితా వాళ్ల సైట్‌లోనే ఉంది, ఇతని పేరు ఉందో లేదో ఈ రాత్రే చూడండి. ట్రైనింగ్ కాలేజీ కోచ్‌లతోనే కొనసాగించొచ్చు, వీడియో మ్యాచ్‌ల నుంచి అబ్బాయే కత్తిరించుకోగలడు.

శుక్రవారం అతను ఫోన్ చేస్తే, క్లబ్బు పేరు మీద వచ్చిన కాంట్రాక్టు పంపమని మాత్రం చెప్పండి. క్లబ్బులు వేసవంతా ఆటగాళ్లను తీసుకుంటూనే ఉంటాయి, సీజన్ మధ్యలో ఎవరికో గాయమైనా చోటు ఖాళీ అవుతుంది. ఈ శుక్రవారం దాటితే పోయేదేమీ లేదు. కాగితం వస్తే నాకు పంపండి, జీతం తేదీలు, బ్యాట్ క్లాజు, గాయం క్లాజు కలిసి చదువుదాం.