సూర్యుడి వేడి చాలనప్పుడు కణాలకు అంత శక్తి ఎక్కడిది?

సూర్యుని ఉపరితలం 5,500 డిగ్రీలే అయినప్పుడు, దాదాపు కాంతివేగంతో వచ్చే ప్రోటాన్లు అక్కడ ఎలా తయారవుతాయని మీరు అడిగారు. నాకు ఇదే సందేహం 2003 అక్టోబరు 28న కలిగింది. భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్న నేను ఆ రాత్రి హైదరాబాదులోని ఒక ఇంటర్నెట్ సెంటరులో, భూమికి 15 లక్షల కిలోమీటర్ల అవతల సూర్యుని వైపున ఉన్న సోహో వ్యోమనౌక పంపిన చిత్రాలు చూస్తున్నాను. భారీ సౌరజ్వాల ఎగసిన కొద్దిసేపటికే చిత్రాల నిండా బియ్యపు నూక చల్లినట్టు తెల్లని చుక్కలు కమ్ముకున్నాయి. కెమెరా పాడైందేమో అనుకున్నాను కానీ, అవి కెమెరాను నేరుగా తాకిన ప్రోటాన్ల జాడలు. అదే సమయంలో సూర్యుని నుంచి బయలుదేరిన ప్లాస్మా (విద్యుదావేశ కణాల వాయువు) మేఘం భూమిని చేరడానికి సుమారు 19 గంటలు పట్టింది.

సూర్యుని బయటి వాతావరణమైన కరోనా వేడి 10 లక్షల డిగ్రీలు దాటినా, దానివల్ల ఒక ప్రోటానుకు దక్కేది వంద ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే ప్రమాణం) స్థాయి శక్తి మాత్రమే. ఆనాటి కణాల్లో కొన్నిటి శక్తి వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయిది. కనుక అసలు మూలం అయస్కాంత క్షేత్రం. అయితే నిలకడగా ఉన్న అయస్కాంత క్షేత్రం కణం దిశను మళ్ళించగలదే తప్ప దాని శక్తిని పెంచలేదు. ఆ క్షేత్రం కదిలినప్పుడో మారినప్పుడో పుట్టే విద్యుత్ క్షేత్రమే కణాన్ని ముందుకు తోస్తుంది.

సౌరజ్వాలలో మెలికలు పడిన అయస్కాంత బలరేఖలు తెగి కొత్తగా కలుసుకున్నప్పుడు ఇది క్షణాల్లో జరుగుతుంది. ఇది జరిగే రెండో చోటు, సెకనుకు 2,000 కిలోమీటర్లకు మించి దూసుకొచ్చిన ఆనాటి మేఘం ముందు ఏర్పడిన షాక్ వేవ్, అంటే అఘాత తరంగం. ఎదురొచ్చిన బ్యాటు తగిలిన బంతి వచ్చినదానికంటే వేగంగా తిరిగి వెళుతుంది కదా. అలాగే షాక్ వేవ్‌కు ముందూ వెనకా ఉన్న అయస్కాంత అలజడులు కణాన్ని అటూ ఇటూ తిప్పికొడుతుంటే, అది షాక్‌ను దాటి వచ్చిన ప్రతి విడతలో దాని శక్తి కాస్త పెరుగుతుంది. ఎక్కువ కణాలు కొన్ని విడతలకే వెనక్కి కొట్టుకుపోతాయి, ఎన్నోసార్లు దాటగలిగిన అతి కొద్ది కణాలే మహాశక్తిని పొందుతాయి. నా దృష్టిలో మీ ప్రశ్నకు ముఖ్యమైన జవాబు ఇదే. కదిలే అయస్కాంత మేఘాలను ఢీకొని కణాలు శక్తి పుంజుకుంటాయన్న మూల ఆలోచనను భౌతికశాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ 1949లో ప్రతిపాదించారు.

ఏ కణం ఎక్కడి నుంచి వచ్చిందో కొంతవరకు వాటి కూర్పే చెబుతుంది: చిన్న జ్వాలల నుంచి వచ్చే కణాల్లో హీలియం-3 (హీలియంలో తేలికైన రకం) పాలు, సూర్యుని నుంచి నిరంతరం వీచే కణాల ప్రవాహమైన సౌరపవనంలో కంటే వేల రెట్లు ఎక్కువగా ఉండవచ్చు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1లోని ఆస్పెక్స్ పరికరం, నేను ఆ రాత్రి చూసిన చిత్రాలు తీసిన సోహో ఉన్న ప్రాంతం నుంచే ఇప్పుడు ఇలాంటి కణాలను కొలుస్తోంది.