ఆర్సీ ట్రాన్స్‌మిటర్‌లో తెలుగు గొంతు పెట్టుకోవచ్చా?

విజయనగరం నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "ఆర్సీ మోడల్ విమానాలని (రిమోట్‌తో ఎగరేసే చిన్న విమానాలని) నడిపే ట్రాన్స్‌మిటర్, రేడియోమాస్టర్ బాక్సర్, కొత్తగా కొన్నాను. రిటైరైన మా నాన్నగారికి విమానం ఎగరేయడం నేర్చుకోవాలని ఉంది. ట్రాన్స్‌మిటర్ ఇంగ్లీషులో చెప్పే మాటలు ఆయనకి అందడం లేదు. భాషల జాబితాలో తెలుగు కనిపించలేదు. తెలుగు గొంతు పెట్టుకునే దారి ఉందా? కంప్యూటర్ గొంతు చాలా, మనమే రికార్డు చేసుకోవాలా?"

దారి ఉందండీ. మాది ఆమదాలవలస దగ్గర. ఏడాదిన్నరగా మా ట్రాన్స్‌మిటర్ తెలుగులోనే మాట్లాడుతోంది, అదీ మా అక్క గొంతుతో. ఎక్కువగా ఎగరేసేది ఆమె కొడుకు, ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. మీ నాన్నగారి ఇబ్బందే వాడికీ ఉండేది. ఇంగ్లీషు రాక కాదు. కళ్లు విమానం మీద, వేళ్లు స్టిక్ మీద ఉన్నప్పుడు చెవిన పడ్డ మాటని మనసులో తెలుగు చేసుకునే తీరిక ఉండదు. అది 'ఫిఫ్టీన్' అందో 'ఫిఫ్టీ' అందో తేలేలోపు విమానం తాటిచెట్టు దాటిపోతుంది.

ముందు భాషల జాబితా సంగతి. ఏ భాషలో అంకెలు ఎలా కలిపి పలకాలో ఎడ్జ్‌టీఎక్స్ ఫర్మ్‌వేర్‌లోనే, అంటే ట్రాన్స్‌మిటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌లోనే, రాసి ఉంటుంది. తెలుగుకి అది రాయలేదు. అందుకే ఎస్డీ కార్డులో తెలుగు పేరుతో ఫోల్డర్ పెట్టినా మెనూలో రాదు. భాషని ఇంగ్లీషుగానే ఉంచి, సౌండ్స్ ఫోల్డర్‌లోని ఇంగ్లీషు ఫోల్డర్‌లో ఉన్న వేవ్ ఫైళ్లని తీసి, అవే పేర్లతో మన ఫైళ్లు పెట్టాలి. అంకెలు, యూనిట్లు, హెచ్చరికలు అన్నీ దాని లోపలి సిస్టమ్ ఫోల్డర్‌లో ఉంటాయి. మనం సొంతంగా చేర్చే మాటలు దానికి బయట, ఇంగ్లీషు ఫోల్డర్‌లోనే ఉండాలి. వాటి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఆరు అక్షరాలు మించకుండా పెట్టండి. ఏ మోడల్ ట్రాన్స్‌మిటర్‌లోనైనా ఇబ్బంది రాదు.

ఇక అసలు పని మాటలు ఎంచుకోవడం. చాలామంది ఇంగ్లీషు జాబితా ముందు పెట్టుకుని వరసగా తెలుగు చేసేస్తారు. మేమూ మొదట అలాగే చేశాం. మోటార్ స్విచ్‌కి 'మోటార్ ఆన్ అయింది', 'మోటార్ ఆఫ్ అయింది' అని రికార్డు చేశాం. ఇంట్లో వింటే బాగానే ఉంది. పొలంలోకి వెళ్లి గాలిలో వింటే రెండూ 'మోటార్ ఆ... అయింది' అనే వినిపించాయి. మొదలూ చివరా ఒకటే, తేడా అంతా మధ్యలో ఒక్క అక్షరం. మోటార్ ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో తెలియకుండా పిల్లాడు ప్రొపెల్లర్ దగ్గర చెయ్యి పెడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మన భాషలో అసలు సంగతి చాలాసార్లు మాట చివర తేలుతుంది. అయింది, అవలేదు, అవుతోంది అని చివరిదాకా వింటేగాని తెలియదు. ట్రాన్స్‌మిటర్ స్పీకర్ చిన్నది, సముద్రం గాలి పెద్దది. కాబట్టి మొదటి అక్షరంతోనే తేడా తెలిసే మాటలు వెతకండి. ఇప్పుడు మాకు మోటార్ ఆన్ అయితే 'జాగ్రత్త, మోటార్' అని, ఆఫ్ అయితే 'ఆపేశాం' అని వస్తుంది. విమానం ఎలా ఎగరాలో ఎంచుకునే ఫ్లైట్ మోడ్‌లకి మా మేనల్లుడే పేర్లు పెట్టాడు. మాన్యువల్ అయితే 'నీ చేతిలో', స్టెబిలైజ్ అయితే 'సాయం', రిటర్న్ అయితే 'ఇంటికి'. మూడూ మూడు రకాలుగా మొదలవుతాయి. సగం మాట వినిపించినా చాలు.

హెచ్చరికలకి ఇంకొకటి కూడా కావాలి. ఎగరేసేవాడి ధ్యాస ట్రాన్స్‌మిటర్ మీద ఉండదు, అందుకే మొదటి మాట ఎప్పుడూ గాలికే పోతుంది. మన ఇళ్లలో ఏం చేస్తాం? ముందు పేరు పెట్టి పిలుస్తాం, ఆ తర్వాతే విషయం చెప్తాం. బేటరీ హెచ్చరికని అలాగే రాసుకున్నాం: 'ఒరే చిన్నా! దించీ. బేటరీ అయిపోతంది.' మా అక్క ఇంట్లో ఎలా అంటుందో అలాగే, పుస్తకం భాషలోకి మార్చకుండా పెట్టాం. 'దించీ' ముందు, కారణం తర్వాత. వాడు వాళ్ల అమ్మ పిలిస్తే ఎక్కడున్నా తల తిప్పుతాడు. అదే మాకు కావలసింది. మీ నాన్నగారికైతే మీ అమ్మగారి గొంతు అడిగి చూడండి. రోజూ విని, విన్నవెంటనే లేచే గొంతు ఎవరిదైతే వాళ్లది.

కంప్యూటర్ గొంతు గురించి అడిగారు. మైక్రోసాఫ్ట్ అజూర్‌లో తెలుగుకి శ్రుతి, మోహన్ అని రెండు గొంతులున్నాయి, ఉచ్చారణ బాగానే ఉంటుంది. తీరిక లేకపోతే అంకెలు, యూనిట్లు వాటితో చేయించుకోండి, తప్పేం లేదు. హెచ్చరికలు మాత్రం మనిషి గొంతులోనే ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. కంగారుగా ఉన్నప్పుడు చెవికి తెలిసిన గొంతే ముందు అందుతుంది.

అంకెల దగ్గర కొంచెం ఓపిక కావాలి. సున్నా నుంచి తొంభైతొమ్మిది దాకా ఒక్కోదానికి ఒక్కో ఫైల్ ఉంటుంది, కాబట్టి అక్కడిదాకా చిక్కు లేదు. 'పదిహేను', 'యాభై' ఎంత గాలిలోనైనా కలవవు. కానీ మా వైపు యాభైని 'ఏభై' అంటాం. అది 'ఎనభై' దగ్గర గందరగోళం చేసింది. బేటరీ ఎనభై శాతం ఉందనుకుని ఇంకో రౌండ్ వేశాడు, తీరా చూస్తే యాభై. ఆ ఒక్క ఫైల్ 'యా' గట్టిగా పలికించి మళ్లీ రికార్డు చేశాం.

వందల దగ్గరే అసలు మెలిక ఉంది. వంద నుంచి తొమ్మిదివందల దాకా తొమ్మిది ఫైళ్లుంటాయి. నూట ఇరవై చెప్పాలంటే ఫర్మ్‌వేర్ ముందు వంద ఫైల్ వేసి, ఆ వెంటనే ఇరవై ఫైల్ వేస్తుంది. మీరు 'వంద' అని రికార్డు చేస్తే 'వంద ఇరవై మీటర్లు' అంటుంది. మా అక్క ఒకటో తరగతి పిల్లలకి ఎక్కాలు చెప్పే టీచరు. అది విని 'ఇలా ఎవరూ అనరురా, పిల్లలు తప్పు నేర్చుకుంటారు' అని ఊరుకోలేదు. చివరికి 'నూట', 'రెండువందల', 'మూడువందల' అని పెట్టాం. ఇవి ముందుకీ వెనక్కీ కూడా అతుకుతాయి. 'రెండువందల ఐదు మీటర్లు' సరే, 'రెండువందల మీటర్లు' కూడా సరే. సరిగ్గా నూరు దగ్గర ఒక్కచోట మాత్రం 'నూట మీటర్లు' అని వస్తుంది. దానికి రాజీ పడ్డాం. 'ఒకటి నిమిషం' అనడం కూడా అలాంటిదే. టైమర్ చివర 'మూడు, రెండు, ఒకటి' అని లెక్కపెట్టే ఫైలూ, నిమిషం ముందు వచ్చే ఫైలూ ఒకటే కాబట్టి 'ఒక నిమిషం' అనిపించలేం. యూనిట్లకి ఏకవచనానికి ఒక ఫైల్, బహువచనానికి ఒక ఫైల్ ఉంటాయి, కాబట్టి మీటరు, మీటర్లు విడివిడిగా చెప్పించండి. 'పాయింట్ సున్నా' నుంచి 'పాయింట్ తొమ్మిది' దాకా పది ఫైళ్లు వేరే ఉంటాయి. పాయింట్‌ని 'దశాంశం' అనకండి, అది పూర్తయ్యేలోపు వోల్టేజ్ మారిపోతుంది.

ఎత్తు సంగతి కూడా ఇక్కడే చెప్తాను. గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి లేకుండా ఎగరేసుకోగలిగే చోట, 120 మీటర్లు, అంటే 400 అడుగులు దాటకూడదు. ఆ సంఖ్యని అంకెల ఫైళ్లకి వదలకుండా 'నూట ఇరవై దాటావు, కిందకి రా' అని ఒకే ఫైల్‌గా పెట్టాం. మీది విజయనగరం కాబట్టి, భోగాపురం విమానాశ్రయం వైపు ఎక్కడైనా ఎగరేయాలనుకుంటే ముందు ప్రభుత్వం వారి డ్రోన్ల వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకుని వెళ్లండి.

రికార్డింగ్‌కి స్టూడియో అక్కర్లేదు. మా ఇల్లు హౌరా-చెన్నై రైలు మార్గానికి దగ్గర. అందుకే రాత్రి పది దాటాక, బోరు మోటారు ఆగాక, ఫ్యాన్ కట్టేసి, గోడకీ తలుపుకీ దుప్పట్లు వేలాడదీసి కూర్చున్నాం. మైక్ నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకి. అంకెలన్నీ ఒకే రాత్రి అయిపోవాలి. మర్నాడు గొంతు మారిపోతుంది, అప్పుడు పదహారు ఒకరు చెప్పినట్టు, పాయింట్ ఎనిమిది ఇంకొకరు చెప్పినట్టు ఉంటుంది.

మొదటి గంట రికార్డింగ్ అంతా పారేయాల్సి వచ్చింది. అక్క అలవాటుకొద్దీ ఎక్కాలు చదివే రాగంలో 'పదకొండూ, పన్నెండూ' అంటూ సాగదీసింది. విడిగా వేస్తే ప్రతి అంకె తర్వాతా ఇంకేదో రావాలన్నట్టు ఉంది. అప్పుడు పద్ధతి మార్చాం. చీటీల మీద అంకెలు రాసి కలిపేశాను. ఒక్కో చీటీ చూపించి నేను 'ఎంత?' అని అడగడం, ఆమె బదులు చెప్పడం. 'ఎంత?' 'పదహారు.' మాట ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. ఇది మాత్రం తప్పకుండా చేసి చూడండి.

తర్వాత పని కంప్యూటర్‌లో, ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటర్‌లో. మాటకి ముందూ వెనకా ఉన్న ఖాళీని దగ్గరగా కత్తిరించండి, లేకపోతే 'పదహారు... పాయింట్ ఎనిమిది... వోల్టులు' అని ఈడ్చుకుంటూ వస్తుంది. చిన్న స్పీకర్‌లో బొంగురు శబ్దం ఎలాగూ పలకదు, 200 హెర్ట్‌జ్ కింద ఉన్నది తీసేస్తే మాట తేటగా ఉంటుంది. అన్నీ ఒకే స్థాయికి నార్మలైజ్ చేయండి. ఒక్కో మాటకి లేబుల్ పెట్టి, అన్నీ ఒకేసారి విడివిడి ఫైళ్లుగా ఎగుమతి చేసుకోవచ్చు. 32 కిలోహెర్ట్‌జ్, 16 బిట్, మోనో వేవ్. ఇందులో ఏదీ మార్చకండి.

ఎందుకంత గట్టిగా అంటున్నానంటే, అక్కడే మాకు దెబ్బ తగిలింది. బేటరీ హెచ్చరికలో గొంతు మెత్తగా ఉందని, ఎగరేయడానికి వెళ్లే రోజు పొద్దున్నే అక్క చేత ఫోన్‌లో మళ్లీ చెప్పించాను. ఫోన్‌లోది కూడా వేవ్ ఫైలే కదా అని అలాగే కార్డులోకి ఎక్కించేశాను. అది 44.1 కిలోహెర్ట్‌జ్‌లో ఉంది. ఎడ్జ్‌టీఎక్స్ 8, 16, 32 కిలోహెర్ట్‌జ్ ఫైళ్లే పలుకుతుంది. ఫైల్ పేరు మెనూలో మామూలుగానే కనిపిస్తుంది, వేయాల్సిన సమయం వస్తే మాత్రం నిశ్శబ్దం. తప్పు జరిగిందని కూడా చెప్పదు. నాగావళి ఇసుకలో నిలబడి ఎగరేస్తున్నాం. వాడు ఆ పిలుపు కోసమే చూస్తూ రౌండ్లు వేస్తున్నాడు. మోటార్ ఆగిపోయింది. విమానం గట్టు అవతల తుప్పల్లో పడి, రెక్క మధ్యకి విరిగింది. వాడు ఆ ముక్కలు చేత్తో పట్టుకుని వచ్చి 'అమ్మ పిలవలేదు మావయ్యా' అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అప్పట్నుంచి ప్రతి ఫైల్‌నీ ట్రాన్స్‌మిటర్‌లోనే వింటాను. ఎస్డీ కార్డు పేజీలో ఫైల్ మీద ఎంటర్ నొక్కి పట్టుకుంటే ప్లే చేసే ఆప్షన్ వస్తుంది. కంప్యూటర్‌లో వినిపించడం లెక్కలోకి రాదు.

హెచ్చరికని కలపడం తేలికే. లాజికల్ స్విచ్‌లో (మనం పెట్టిన షరతు నిజమైతే తనంతట తానే ఆన్ అయ్యే స్విచ్ అది) బేటరీ వోల్టేజ్ మీ హద్దు కంటే తగ్గితే అని పెట్టి, రెండు మూడు సెకన్ల ఆలస్యం ఇవ్వండి, లేకపోతే థ్రాటిల్ (మోటార్ వేగం) ఎత్తినప్పుడల్లా వోల్టేజ్ కాసేపు పడిపోయి అరుస్తుంది. మూడు సెల్స్ బేటరీకి నేను 10.5 వోల్టులు పెట్టాను, సెల్‌కి 3.5 చొప్పున. స్పెషల్ ఫంక్షన్స్ మెనూలో ఆ స్విచ్‌కి ప్లే ట్రాక్ (ఫైల్ పలికించే పని) ఇచ్చి, పది సెకన్లకోసారి మళ్లీ పలికేలా పెట్టండి. అయితే విమానంలోంచి అసలు బేటరీ వోల్టేజ్ మీ ట్రాన్స్‌మిటర్‌కి అందుతోందో లేదో ముందు చూసుకోండి. విమానంలో ఉండే కొన్ని రిసీవర్లు తమకి అందే ఐదు వోల్టుల సంగతే పంపిస్తాయి, అప్పుడు ఏ గొంతు పెట్టినా ఉపయోగం లేదు.

మీ నాన్నగారి కోసం అన్నీ ఒకేసారి చేయాలని టెన్షన్ పడకండి. బేటరీ, సిగ్నల్, మోటార్, మూడు మోడ్‌లు, ఎత్తు, ఇవి చాలు మొదలుపెట్టడానికి. అంకెలు ఇంకో రాత్రి చూసుకోవచ్చు. పాత ఇంగ్లీషు ఫోల్డర్‌ని తీసేయకుండా కంప్యూటర్‌లో దాచండి. మీ తెలుగు ఫైళ్లని కూడా దాని పక్కనే ఇంకో కాపీ పెట్టుకోండి. ఎడ్జ్‌టీఎక్స్ కొత్త వెర్షన్‌తో పాటు సౌండ్ ఫైళ్లు కూడా మళ్లీ ఎక్కిస్తే అవే పేర్లున్న మన ఫైళ్లు చెరిగిపోతాయి. మీ అమ్మగారి చేత ఆ నూరు చీటీలూ రెండోసారి చదివించాల్సి వస్తుంది.