మోడల్ సంగతి తర్వాత, ముందు స్కాన్ చూడు

అమ్మా,

సీటీ స్కాన్లలో ఊపిరితిత్తుల నాడ్యూళ్లు (చిన్న గడ్డలు) కంప్యూటర్ మోడల్‌తో పట్టే పని మొదలుపెడుతున్నానని రాశావు, ఏ నెట్‌వర్క్ వాడాలని అడిగావు. చిత్రంలో ఏ భాగం ఏదో విడదీసి చూపే యూ-నెట్ అనే న్యూరల్ నెట్‌వర్క్‌తో మొదలుపెట్టు, చాలు. 2015లో వచ్చిన ఆ డిజైన్నే ఇప్పటికీ రకరకాలుగా మార్చి వాడుతున్నారు. నీ ప్రశ్నకి జవాబు ఇంతే. నువ్వు అడగనిది ఇంకోటి ఉంది: స్కాన్ నీ చేతికొచ్చేలోపు దానికి ఏమేం జరిగింది? ఈ పనిలో దెబ్బలు ఎక్కువగా తగిలేది అక్కడే.

డైకామ్ (ఆసుపత్రి స్కాన్లను దాచే ఫార్మాట్) ఫైలు తెరవగానే అంకెలు చూడు. లోపల దాచిన పిక్సెల్ విలువ హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ (నీళ్లని సున్నాగా, గాలిని -1000గా పెట్టుకుని సాంద్రత చెప్పే కొలత) కాదు. దాన్ని ఫైల్లోనే రాసి ఉండే రీస్కేల్ స్లోప్ అనే అంకెతో గుణించి, ఇంటర్‌సెప్ట్ అనే అంకె కలపాలి. ఆ ఇంటర్‌సెప్ట్ తరచుగా -1024 ఉంటుంది. కొన్ని లైబ్రరీలు ఈ లెక్క వాటంతటవే చేస్తాయి, కొన్ని చెయ్యవు. అసలు చెయ్యకపోతే సున్నా ఉండాల్సిన నీళ్లు 1024 దగ్గర తేలతాయి, రెండుసార్లు చేస్తే -1024కి మునుగుతాయి. సరిచూసుకోవడం తేలికే. శ్వాసనాళం మధ్యలో కర్సర్ పెడితే -1000కి దగ్గర్లో రావాలి, వీపు కండ మీద పెడితే 50కి అటూ ఇటూ. చిత్రం మూలల్లో -2000 లాంటి అంకె కనిపిస్తే కంగారుపడకు. గుండ్రటి చిత్రం బయట ఖాళీ నింపడానికి కొన్ని యంత్రాలు పెట్టే విలువ అది. దాన్ని -1000 దగ్గర కత్తిరించకుండా సగటు తీశావో, నార్మలైజేషన్ (విలువలన్నిటినీ ఒకే కొలతకి తేవడం) మొత్తం కిందికి జారుతుంది.

స్కాన్‌లోని అడ్డకోత చిత్రాల్ని, అంటే స్లైసుల్ని, ఫైలు పేర్ల వరసలో పేర్చకు. ఫైల్లో ఉండే వరస సంఖ్యని, అంటే ఇన్‌స్టాన్స్ నంబరునీ, పూర్తిగా నమ్మకు. ఇమేజ్ పొజిషన్ ట్యాగులోని స్థానాన్ని బట్టి పేర్చి, పక్కపక్క స్లైసుల మధ్య దూరం లెక్కగట్టు. ఒకచోట దూరం రెట్టింపైతే అక్కడ ఒక స్లైసు పోయినట్టే. స్లైసు మందం వేరు, స్లైసుల మధ్య దూరం వేరు. 5 మి.మీ. మందంతో 2.5 మి.మీ.కి ఒకటి చొప్పున, ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా తీసిన స్కాన్లుంటాయి. అక్కడ మందంతో ఘనపరిమాణం కడితే కణితి రెట్టింపవుతుంది.

కుడి ఎడమల సంగతీ ఉంది. డైకామ్ రోగి ఎడమవైపుని ధనదిశగా తీసుకుంటుంది, పరిశోధనలో వాడే నిఫ్టీ అనే ఇంకో ఫార్మాట్ కుడివైపుని. మార్చేటప్పుడు తిరగబడ్డాయా లేదా అన్నది కాలేయాన్ని చూస్తే తెలుస్తుంది. కాలేయం ఎడమవైపున్న మనుషులు లోకంలో లేకపోలేదు గానీ, నీ డేటాలో అందరికీ అలాగే ఉంటే తప్పు వాళ్లది కాదు.

మందం గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే నీ పని చిన్న నాడ్యూళ్లతో. 6 మి.మీ. వ్యాసమున్న నాడ్యూల్ ఘనపరిమాణం సుమారు 113 ఘన మి.మీ. పిక్సెల్ 0.7 మి.మీ. అనుకుంటే, 1 మి.మీ. స్లైసుల్లో దానికి 230 వాక్సెళ్లు (ఘన పిక్సెళ్లు) దక్కుతాయి, 5 మి.మీ. స్లైసుల్లో 46. అవి కూడా ఒకటి రెండు స్లైసుల్లోనే. స్లైసులో సగం నాడ్యూల్, సగం ఊపిరితిత్తి పడిందనుకో. నాడ్యూల్ 40, ఊపిరితిత్తి -800 కలిసిపోయి -380 దగ్గర కనబడుతుంది. గట్టి నాడ్యూల్ కాస్తా గ్రౌండ్ గ్లాస్ (పలచగా, మసకగా కనిపించే నాడ్యూల్) వేషం వేస్తుంది. ఈ రెండింటినీ డాక్టర్లు వేర్వేరుగా వెంబడిస్తారు కాబట్టి ఇది చిన్న తేడా కాదు. మందపాటి స్కాన్‌ని 1 మి.మీ. స్లైసులుగా తిరిగి లెక్కగట్టినంత (రీశాంపుల్ చేసినంత) మాత్రాన పోయిన వివరం తిరిగి రాదు. మందం, రీకన్‌స్ట్రక్షన్ కెర్నెల్ (చిత్రాన్ని పదునుగానో నునుపుగానో తయారుచేసే ఫిల్టర్), కాంట్రాస్టు మందు ఇచ్చారా లేదా అనే మూడింటినీ ప్రతి స్కాన్‌కీ పట్టికలో రాసిపెట్టు. ఫలితాలు కూడా ఆ మూడింటి ప్రకారం విడదీసి చూడు.

లేబుళ్లని, అంటే స్కాన్ల మీద రేడియాలజిస్టులు పెట్టిన గుర్తుల్ని, దేవుడి మాటలా తీసుకోకు. ఎల్‌ఐడీసీ అనే ఊపిరితిత్తుల సీటీ సేకరణలోని 1018 స్కాన్లను నలుగురేసి రేడియాలజిస్టులు చదివారు. కనీసం ఒకరైనా 3 మి.మీ. లేదా అంతకు పెద్ద నాడ్యూలని గుర్తుపెట్టినవి 2669. నలుగురూ ఒప్పుకున్నవి 928. ఒక్కరే గుర్తుపెట్టినది నాడ్యూలా కాదా అన్నది ట్రెయినింగ్‌కి ముందే తేల్చుకుని రాసిపెట్టుకో. ఫలితం చూశాక తేల్చుకుంటే అది పరిశోధన అనిపించుకోదు.

ట్రెయినింగ్‌కీ పరీక్షకీ విడదీసేటప్పుడు రోగి వారీగా విడదియ్యి. స్లైసుల వారీగా విడదీస్తే ఒకే మనిషి రెండు వైపులా ఉంటాడు. మోడల్ జబ్బుని కాదు, ఆ మనిషిని గుర్తుపడుతుంది. స్కోరు మాత్రం ఘనంగా వస్తుంది. అసలు ఘనమైన స్కోరు వచ్చిన రోజునే ఎక్కువ అనుమానించాలి. ఛాతీ ఎక్స్‌రేల్లో న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) పట్టే మోడళ్లు కొన్ని, చికిత్స కోసం అప్పటికే పెట్టిన గొట్టాన్ని చూసి జబ్బుందని చెప్పాయి. గొట్టం పెట్టని రోగి, అంటే మోడల్ సాయం నిజంగా అవసరమైనవాడు, అక్కడ తప్పిపోతాడు. కనీసం ఇంకో ఆసుపత్రి, ఇంకో కంపెనీ యంత్రం నుంచి వచ్చిన స్కాన్ల మీద పరీక్షించకుండా ఎవరికీ అంకెలు చూపించకు.

సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లలో ఎందరిని పట్టిందో) 90 శాతం, స్పెసిఫిసిటీ (లేనివాళ్లలో ఎందరిని సరిగ్గా వదిలేసిందో) 90 శాతం అంటే వినడానికి బాగుంటుంది. సగం మందికి జబ్బున్న పరీక్షలో మోడల్ మోగించిన గంటల్లో పదింట తొమ్మిది నిజమే. నూటికి ఒకరికే జబ్బున్న వెయ్యిమందిలోకి దాన్ని తీసుకెళ్లు. ఉన్న పదిమందిలో 9 మందిని పడుతుంది, లేని 990 మందిలో 99 మందిని బెదరగొడుతుంది. అలా మోగిన 108 హెచ్చరిక గంటల్లో నిజమైనవి 9. అందుకే ఏ రోగుల మధ్య వాడతారో డాక్టర్లతో కూర్చుని ముందే తేల్చుకో.

తర్వాత చికిత్సకి స్పందనని కొలిచే పనికి వెళతానన్నావు. రెసిస్ట్ 1.1 (కణితి చికిత్సకి ఎలా స్పందించిందో తేల్చే ప్రమాణం) లెక్కలో లక్ష్య కణితుల వ్యాసాల మొత్తం 30 శాతం తగ్గితే పాక్షిక స్పందన. అతి తక్కువగా ఉన్నప్పటి మొత్తం కన్నా 20 శాతం, అదీ కనీసం 5 మి.మీ. పెరిగితే ముదిరినట్టు. గోళంలాంటి కణితి వ్యాసం 30 శాతం తగ్గితే ఘనపరిమాణం మూడోవంతుకి పడిపోతుంది. కాబట్టి వ్యాసాలకి పెట్టిన ఈ శాతాల హద్దుల్ని పట్టుకొచ్చి ఘనపరిమాణానికి అతికించకు.

పేర్లు తీసేసినంత మాత్రాన డేటా అనామకం కాదు. అల్ట్రాసౌండ్ చిత్రాల మీదే పేర్లు అచ్చయి ఉంటాయి, తల స్కాన్ నుంచి ముఖాన్ని మళ్లీ గీయొచ్చు. తేదీలు పూర్తిగా చెరిపెయ్యకు. ఒక్కో రోగి తేదీలన్నిటినీ ఒకే సంఖ్యలో రోజులు జరిపితే స్కాన్ల మధ్య వ్యవధి మిగులుతుంది.

ముందు 50 స్కాన్లు తీసుకుని, ఒక్కొక్కటీ పైనుంచి కిందిదాకా నీ కళ్లతో చూడు. వీలైతే రేడియాలజిస్టుని పక్కన కూర్చోబెట్టుకో. చూసినవి పట్టికలో రాసి పంపు. నెట్‌వర్క్ గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో.