అమ్మ "ఇక చాలు" అంటోంది, తమ్ముడు "కీమో ఆపొద్దు" అంటున్నాడు

ప్రశ్న: మాది ఖమ్మం. అమ్మకు 62 ఏళ్లు. నాన్న పోయాక జాకెట్లు కుట్టి నన్నూ తమ్ముణ్నీ చదివించింది. పోయినేడాది బ్లీడింగ్ అవుతుంటే ఫైబ్రాయిడ్ అని గర్భసంచి తీశారు. బయాప్సీలో లియోమయోసార్కోమా అనే అరుదైన క్యాన్సర్ అని వచ్చింది. ఎనిమిది నెలలకు ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపించాయి. హైదరాబాద్‌లో డాక్సోరుబిసిన్ కీమో మూడు సైకిళ్లు ఇచ్చినా మచ్చలు పెరిగాయి. ఇప్పుడు జెమ్‌సైటబిన్, డోసెటాక్సెల్ కలిపి ఇద్దామంటున్నారు. అమ్మకు క్యాన్సర్ అని చెప్పలేదు, "గడ్డ మళ్ళీ రాకుండా మందు" అన్నాం. "నాకిక చాలు బిడ్డా" అంటోంది. డాలస్‌లో ఉన్న తమ్ముడు ఆపితే ఊరుకోనంటున్నాడు. రెండు నెలల్లో నా కూతురి ఓణీల ఫంక్షన్ ఉంది. దానికి లంగా తనే కుడతానని గుడ్డ తెప్పించుకుంది అమ్మ, అది మిషను మీదే ఉంది. ముందే జబ్బు కనుక్కోలేకపోయానే అని నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ చివరి మాట సంగతి చూద్దాం. ఫైబ్రాయిడ్ గర్భసంచి కండరంలో వచ్చే మామూలు గడ్డ, ఎంతోమంది ఆడవాళ్లకు ఉంటుంది. అదే కండరంలో చాలా అరుదుగా వచ్చే క్యాన్సర్ లియోమయోసార్కోమా. ఆపరేషన్‌కు ముందు స్కాన్ చూసి ఇది ఫైబ్రాయిడే, ఇది క్యాన్సరే అని ఖాయంగా చెప్పడం డాక్టర్లకే కష్టం. చాలామందిలో గడ్డ తీసి ల్యాబ్‌లో చూశాకే బయటపడుతుంది. స్కాన్ చేతిలో ఉన్నవాళ్లకే తెలియనిది మీకెలా తెలుస్తుంది? ఈ నేరం మీది కాదు.

ఇక అసలు విషయం. మీరూ మీ తమ్ముడూ కీమో గురించి వాదించుకుంటున్నారు. ఆ మందు ఎవరి నరంలోకి ఎక్కాలో ఆ మనిషికి మాత్రం తన జబ్బు పేరే చెప్పలేదు. అందుకే ఆమె "చాలు" అంటే ఆ మాటకు బలం లేకుండా పోతోంది. "అమ్మకేం తెలుసు" అని తమ్ముడు అనగలుగుతున్నాడు. మీరు కూడా ఆ మాట నమ్మాలో వద్దో తేల్చుకోలేకపోతున్నారు.

నిజానికి ఆమెకు తెలియదని నేననుకోను. డేకేర్ వార్డులో మూడుసార్లు గంటలకొద్దీ పడుకుంది, చుట్టూ జుట్టు రాలినవాళ్లు. "నీకెక్కడొచ్చిందమ్మా" అని పక్క మంచం ఆవిడ ఒక్కసారైనా అడగకుండా ఉంటుందా?

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. మా నాన్నగారికి కాలేయ క్యాన్సర్ వస్తే ఆరు నెలలు "కామెర్లు" అని చెబుతూ వచ్చాం. ఆయన పోయిన పదిహేను రోజులకు ఎదురింటి మాస్టారు చెప్పారు: నాన్నగారికి రెండో నెలలోనే తెలిసిపోయిందట. "పిల్లలు దాస్తున్నారు, నేను అడిగితే ఏడుస్తారు, అందుకే తెలియనట్టు ఉంటున్నా" అన్నారట. ఆయన ఒంటరిగా మోసిన ఆ నాలుగు నెలలు తలచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. మీ ఇంట్లో ఇంకా సమయం ఉంది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

చెప్పడమంటే ఒక్కసారిగా అంతా కుమ్మరించడం కాదు. ముందు అడగండి. ఆమె కాస్త తేరుకున్న రోజు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, పక్కన కూర్చుని, "అమ్మా, నీ జబ్బేమిటని నువ్వనుకుంటున్నావు?" అనండి. ఆమె చెప్పేది వినండి. తర్వాత "డాక్టరు చెప్పింది నీకు చెప్పమంటావా, మేం చూసుకుంటే చాలంటావా?" అని అడగండి. కొందరు పూర్తిగా తెలుసుకోవాలంటారు, కొందరు "మీరే చూసుకోండి" అంటారు. రెండూ ఆమె హక్కే. క్యాన్సర్ అనే మాట మీ నోట రాకపోతే డాక్టరునే చెప్పమనండి, మీరు ఆమె చెయ్యి పట్టుకుని ఉండండి.

అప్పుడే ఆ "చాలు" ఎందుకంటోందో బయటికొస్తుంది. వాంతులు, నోటిపూత భరించలేకా? వాటికి మందులున్నాయి, మోతాదు తగ్గించే వీలూ ఉంటుంది. ఖమ్మం నుంచి హైదరాబాద్ దాదాపు 200 కిలోమీటర్లు, ఆ ప్రయాణానికి అలసిపోయా? లేక డబ్బా? మన అమ్మల్లో చాలామంది "నాకొద్దు" అనడం వెనక ఉండేది పిల్లలు అప్పుల పాలవుతారన్న భయమే. ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఈ చికిత్సకు ఎంతవరకు వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి ఆమెకు లెక్క చెప్పండి. ఇవేవీ కాక, "తెలుసు బిడ్డా, మిగిలిన రోజులు నా ఇంట్లో ఉంటా" అంటే అది వేరే మాట. దాన్ని గౌరవించాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ప్రశ్నలు కాగితం మీద రాసుకోండి. అన్నిటికంటే ముఖ్యమైనది: "ఈ కీమో దేనికి? నయం చేయడానికా, కొంతకాలం అదుపులో ఉంచడానికా?" ఊపిరితిత్తులకు పాకాక ఎక్కువమందిలో అది అదుపు కోసమే. కొందరిలో మచ్చలు కొద్దిగానే ఉండి, నెమ్మదిగా పెరుగుతుంటే ఆపరేషన్‌తో తీసే అవకాశం ఉంటుంది. కీమో కాకుండా పజోపనిబ్ అనే మాత్ర కూడా ఉంది. గడ్డలో హార్మోన్ రిసెప్టర్లు (హార్మోన్లు పట్టుకునే చోట్లు) ఉంటే హార్మోన్ మాత్రలూ కొందరికి పనికొస్తాయి. అమ్మ విషయంలో ఇవి కుదురుతాయా లేదా, ఎందుకు లేదు అని అడగండి. అలా అడిగితే డాక్టరును అవమానించినట్టు కాదు.

అమ్మది సార్కోమా, అంటే కండరం, కొవ్వు, ఎముక లాంటి వాటిలో వచ్చే క్యాన్సర్ల రకం. పెద్దవాళ్ల క్యాన్సర్లన్నిటిలో ఇవి నూటికి ఒకటి. కాబట్టి వీటిని తరచూ చూసేవారి రెండో అభిప్రాయం తీసుకోవడం మంచిది. రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకెళ్తే సరిపోదు. ఆపరేషన్ చేసిన చోట ల్యాబ్ నుంచి స్లైడ్లు, బ్లాకులు (తీసిన గడ్డ ముక్కలను భద్రపరిచినవి) అడిగి తీసుకోండి, మళ్ళీ పరీక్షించేది వాటినే. ముంబైలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రిలో సార్కోమాలు ఎక్కువగా చూస్తారు. అమ్మను అంత దూరం తిప్పకుండా స్లైడ్లు, స్కాన్ సీడీలతో మీరొక్కరే వెళ్లే వీలుందేమో ముందు కనుక్కోండి.

కొత్త కీమోలో 21 రోజుల సైకిల్‌కు సాధారణంగా రెండుసార్లు ఎక్కిస్తారు, మొదటి రోజు ఒక మందు, 8వ రోజు రెండూ. అంటే ప్రతి సైకిల్‌కు రెండు ప్రయాణాలు. అమ్మ సరేనంటే ముందే ఒక ఒప్పందం చేసుకోండి: రెండు సైకిళ్లు చూద్దాం, స్కాన్ తీద్దాం, మచ్చలు పెరిగినా, ఆమె మంచం పట్టినా ఆపేద్దాం. మధ్యలో వద్దంటే అప్పుడే ఆపేస్తామని ఆమెకు మాటివ్వండి. ఒకటి మాత్రం మరవద్దు. కీమో తర్వాత తెల్ల రక్తకణాలు పడిపోయిన రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడకూడదు, అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. ఎవరైనా చెప్పే ఆకు పసర్లు, చూర్ణాలు డాక్టరుకు తెలియకుండా పట్టించొద్దు.

వద్దంటే చికిత్స అయిపోయినట్టు కాదు. నొప్పికీ ఆయాసానికీ నిద్రకీ చూసే పాలియేటివ్ కేర్ ఉంది. హైదరాబాద్‌లోని ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎం.ఎన్.జె.లో దానికి ప్రత్యేక విభాగమే ఉంది. కీమో తీసుకుంటున్నా ఇప్పుడే అక్కడ పేరు రాయించండి. అది ఆఖరి రోజులకే అన్నది అపోహ. 2010లో అమెరికాలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మీద చేసిన అధ్యయనంలో, మొదటి నుంచీ ఈ సేవ అందినవాళ్లు మెరుగ్గా ఉండటమే కాదు, ఎక్కువ కాలం బతికారు కూడా.

మీ తమ్ముడి మీద కోపం పెట్టుకోకండి. పక్కన లేనివాడికి చేయడానికేమీ ఉండదు, అందుకే "ఇంకా చేయండి" అంటాడు. డాక్టరుతో మాట్లాడేటప్పుడు వీడియో కాల్‌లో అతన్నీ కూర్చోబెట్టండి, ఆ జవాబులు మీ ద్వారా కాక నేరుగా విననివ్వండి. బిల్లులు, మందుల ఆర్డర్లు అతనికి అప్పగించండి. కుదిరితే ఓణీలకి కాదు, ఇప్పుడే వారం రోజులు రమ్మనండి. అమ్మను కళ్లారా చూశాక అతని మాట మారవచ్చు, మారకపోవచ్చు. కానీ మీ వాదన వేరేగా ఉంటుంది.

డాక్టరుకు ఇంకొకటి తప్పక చెప్పండి. డోసెటాక్సెల్‌తో కొందరికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, సూది పట్టు తెలియదు. మీ అమ్మ కుట్టుపని మనిషనీ, రెండు నెలల్లో మనవరాలి లంగా పూర్తి చేయాలనుకుంటోందనీ ఆయనకు తెలిస్తే మందు ఎంచుకోవడంలో, మొదలుపెట్టే తేదీలో తేడా రావచ్చు. ఆ లంగా అయ్యాక మొదలుపెడితే నష్టమెంతో సూటిగా అడగండి. ఆయన చెప్పింది అమ్మకు వినిపించండి, ఏం చేద్దామో ఆమెనే చెప్పనివ్వండి. ఈలోపు ఆ మిషన్‌ను మంచం దగ్గరికి, వెలుతురు పడే కిటికీ పక్కకు జరిపించండి.