తుమ్మ దుంగలూ, మాఘమాసం ముహూర్తమూ

ప్రశ్న: పోరంకిలో ఇల్లు కట్టుకుంటున్నాం, స్లాబు పని అయిపోయింది. తెనాలి దగ్గర మా నాన్నగారి పొలం గట్టు మీద రెండు నల్లతుమ్మ చెట్లు వేసవి గాలివానకి పడిపోతే కొమ్మలు కొట్టించి మాన్లు అక్కడే ఉంచాం. ఒక్కోటి పది అడుగుల పొడవు, మూడడుగుల చుట్టుకొలత. వాటినే పోర్టికో ముందు స్తంభాల్లా నిలబెట్టాలని మా ఆశ. బెరడుతో సహా అడుగు లోతున కాంక్రీటులో పాతేసి, పైన స్లాబుకి బిగించేద్దాం అంటున్నాడు మేస్త్రి. మాఘంలో గృహప్రవేశం. ఫర్వాలేదా?
- ఒక పాఠకురాలు, పోరంకి

జవాబు: మీ ఆలోచన బాగుందమ్మా, పది అడుగులు తిన్నగా పెరిగిన తుమ్మ దొరకడమే అదృష్టం. కానీ మేస్త్రి చెప్పిన మూడూ వద్దు. బెరడు వద్దు, పాతడం వద్దు, స్లాబుకి బిగించడం అసలే వద్దు.

ఆ చివరిదే ముందు చెప్తాను, అది ఇంటికే ముప్పు కాబట్టి. మీ పోర్టికో స్లాబు కింద స్తంభాలేం లేకుండా గోడలోంచి ముందుకి పొడుచుకొచ్చిందంటే అది కాంటిలీవర్. దాంట్లో ముఖ్యమైన ఊచలు పైవైపు ఉంటాయి, ఎందుకంటే కొస కిందికి వంగాలని చూస్తుంది, సాగేది పైభాగం. ఇప్పుడు ఆ కొస కింద దుంగని బిగించి నిలబెట్టారనుకోండి, కొస కదలదు, నడుమ కుంగడం మొదలవుతుంది, అప్పుడు సాగేది అడుగుభాగం, అక్కడ దానికి సరిపడా ఊచలు ఉండవు. సపోర్టు పెడితే మంచిదేగా అనుకుని చేసిన పనికి స్లాబు అడుగున పగుళ్లు వస్తాయన్నమాట. అందుకని దుంగ నెత్తిన అర అంగుళం ఖాళీ వదలండి. స్లాబులోంచి ఒక ఊచ దిగి దుంగలోని రంధ్రంలో వదులుగా కూర్చుంటే పక్కకి ఒరగదు. ఆ ఖాళీ కనపడకుండా చుట్టూ చెక్క పట్టీ కొట్టించుకోవచ్చు. స్లాబు డ్రాయింగు మీ ఇంజనీరు దగ్గర ఉంటుంది, ఒక్కసారి చూపించి అడగండి.

పాతడం సంగతి. కాంక్రీటులో దిగిన కర్ర నేల మట్టం దగ్గరే, తడీ గాలీ కలిసే చోట పుచ్చుతుంది, చెదలకి కూడా అదే దారి. మన మండువా ఇళ్లు చూడండి, ప్రతి స్తంభం కిందా ఒక రాతి దిమ్మ ఉంటుంది, అందం కోసమే అనుకుంటాం గానీ కర్ర కాలు తడవకుండా ఉండటానికి అది. మీరూ నేలకి అడుగు ఎత్తున రాయి వేసి, దాంట్లోంచి స్టెయిన్‌లెస్ స్టీలు పిన్ను లేపి దుంగని కూర్చోబెట్టండి. మామూలు ఇనుము వద్దు. తుమ్మలో ఉండే వగరు ఇనుముతో తడి తగిలితే నల్లటి మరక అవుతుంది, అది దిగి రాయిని కూడా పాడుచేస్తుంది. ఆరిన తర్వాత కూడా ఒక్కో దుంగ ఒకటిన్నర క్వింటాలు దాకా ఉండొచ్చు కాబట్టి నలుగురు మనుషులతో ఎత్తించేద్దాం అనుకోకుండా చైన్ పుల్లీ తెప్పించండి.

బెరడు ఇవాళే తీయించండి. పురుగులు గుడ్లు పెట్టేది దాని కిందే. బెరడు తీశాక పైన కనిపించే తెల్లచెక్కకి పురుగు త్వరగా పడుతుంది, లోపలి ఎర్రటి చేవ మాత్రం మేకు కూడా దిగనంత గట్టిది. తెల్లచెక్క ఎంత వీలైతే అంత చెక్కించేసి, మిగిలిన దానికి బోరాక్స్, బోరిక్ ఆసిడ్ కలిపిన నీళ్లు రెండుమూడు సార్లు పట్టించండి. పూర్వం తుమ్మ మొద్దుల్ని నెలల తరబడి చెరువులో పడేసేవాళ్లు, తెల్లచెక్కలో ఉండే పిండిపదార్థం నీళ్లలోకి పోతే పురుగుకి తిండి ఉండదని. ఇప్పుడు ఆ చెరువులెక్కడున్నాయి, ఉన్నా ఎవరు దింపుతారు!

అసలు చిక్కు మీ మాఘమాసం. అంగుళం మందం ఆరడానికి ఏడాది అని పాత లెక్క. మన రోహిణి ఎండలకి కాస్త ముందే ఆరొచ్చేమో గానీ అడుగు లావు దుంగ ఆరేడు నెలల్లో లోపల ఆరదు. పైగా కర్ర గుండె (నట్టనడిమి భాగం) వైపుకి ఎంత కుంచించుకుపోతుందో, చుట్టూ దానికి దాదాపు రెట్టింపు కుంచించుకుపోతుంది, అందుకే గుండెతో ఉన్న గుండ్రటి దుంగ పగలక తప్పదు. పగలకుండా చేస్తామని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఎక్కడ పగలాలో మాత్రం మనం చెప్పొచ్చు: ఇంటి గోడవైపు ఉండే పక్కన, పై నుంచి కింద దాకా గుండె అందేలా రంపంతో ఒక గాడి కోయిస్తే ఆ గాడే తెరుచుకుంటుంది, వీధివైపు ముఖం చాలావరకు బాగుంటుంది. రెండు కొసలకీ మైనమో చిక్కటి పెయింటో ఈరోజే పూయించండి, నీరు అన్నిటికన్నా వేగంగా పోయేది అక్కడి నుంచే. తర్వాత ఇటుకల మీద పడుకోబెట్టి నీడలో, గాలి ఆడేచోట ఉంచండి.

గృహప్రవేశం నాటికి రాళ్లు మాత్రం వేయించుకుని, దుంగలు వచ్చే ఏడాది ఎండాకాలం చివర్లో నిలబెట్టుకోండి, అప్పటికీ లోపల పూర్తిగా ఆరకపోయినా గాడి ఉంది కదా. ఈలోగా రాళ్ల మీద తులసి కుండీలు పెట్టుకుంటే ఎవరూ అడగరు. ఇంకోమాట, పొలం నుంచి లారీ ఎక్కించే ముందు అటవీ రేంజ్ ఆఫీసులో అడగండి. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టంలో ఉన్నవి చెట్లు కొట్టడానికి సంబంధించిన నిబంధనలు, కలప తరలింపు పర్మిట్ల నిబంధనలు వేరు, చెట్టు తనంతట తాను పడినా దారిలో ఆపి కాగితం అడగొచ్చు. పడిన మాన్ల ఫోటోలు తీసి ఉంచుకోండి.

ప్రశ్న: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా హాల్లో టేకు స్తంభం రోజుల తరబడి నీళ్లలో నానింది. ఆరాక అడుగు నుంచి మూరెడు నెర్రె. రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపి మూసేయమంటారా?
- సింగ్‌నగర్ పాఠకుడు

జవాబు: మూయొద్దండీ. వానల్లో కర్ర ఉబ్బితే ఆ ముద్దే చీలికను ఇంకా నెడుతుంది, ఎండాకాలం మళ్లీ ఊడి రాలుతుంది. స్క్రూడ్రైవర్‌తో అడుగున పొడిచి చూడండి, మెత్తగా దిగితే ఆ ముక్క కోయించి రాతి దిమ్మ ఎక్కించాలి. టక్‌మని ఆగితే అవిసె నూనె పట్టించి అలాగే ఉంచండి.