ఆక్సిజన్ తగ్గిందని బాక్టీరియాకి ఎవరు చెప్పారు? (ఒక కొత్త రచయితకు ఉత్తరం)

తమ్ముడూ,

నీ వ్యాసం తీరిగ్గా కూర్చుని చదివా. మొదటి పేరా బాగుంది, గాలి ఆగిపోతే మనం నిమిషాల్లో పోతాం కానీ మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బాక్టీరియా మాత్రం మామూలుగా బతికేస్తుంది అని మొదలెట్టావు చూడు, అది చదివేవాణ్ణి లోపలికి లాగుతుంది. ఆ తర్వాతే జారిపోయావు. "ఆక్సిజన్ తగ్గిందని గమనించిన బాక్టీరియా తనకు కావాల్సిన జీన్లను ఆన్ చేసుకుంటుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అసలు నువ్వు రాయాల్సిన వ్యాసమంతా ఆ ముక్కలోనే ఉంది కదయ్యా! దానికి ముక్కు లేదు, నరాలు లేవు, మెదడు లేదు, మహా అయితే రెండు మైక్రాన్ల పొడవు. మరి దానికెలా తెలిసింది? చదివేవాడు సరిగ్గా ఇదే అడుగుతాడు, నువ్వేమో అప్పటికే క్షయ వ్యాధి దగ్గరికి వెళ్ళిపోయావు.

ఎఫ్‌ఎన్‌ఆర్ అనే ప్రోటీన్ పేరు చెప్పి వదిలేశావు. అక్కడ కాసేపు ఆగు. ఆ ప్రోటీన్ లోపల నాలుగు ఇనుము పరమాణువులు, నాలుగు గంధకం పరమాణువులు కలిసి చిన్న ఘనంలా అమరి ఉంటాయి, సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు నాలుగు దాన్ని పట్టుకుని ఉంటాయి. ఆక్సిజన్ లేనంతసేపు ఆ ఘనం చెక్కుచెదరదు, అది చెదరనంతసేపు రెండు ఎఫ్‌ఎన్‌ఆర్‌లు జంటగా ఉంటాయి, జంటగా ఉంటేనే డీఎన్‌ఏ మీద తమకు సరిపడే చోటు దొరకబుచ్చుకుని కూర్చోగలవు, కూర్చున్న చోటును బట్టి కొన్ని జీన్లు లేస్తాయి కొన్ని అణుగుతాయి. ఇప్పుడు ఆక్సిజన్ వచ్చి తగిలిందనుకో, ఆ ఘనం చితికి రెండు ఇనుములు రెండు గంధకాలు ఉన్న ముక్క మిగులుతుంది, దాంతో ప్రోటీన్ ఆకారం మారిపోయి జంట విడిపోతుంది, ఒంటరిగా అవి డీఎన్‌ఏని పట్టుకోలేవు. అంతే సంగతి! ఇంకోటి, ఇది నాకు భలే ఇష్టమైన వివరం, గాలి ఉన్నా లేకపోయినా కణంలో ఎఫ్‌ఎన్‌ఆర్ మోతాదు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. అంటే ఆక్సిజన్ పోయాక తీరిగ్గా తయారు చేసుకునే సరుకు కాదది, ఎప్పుడూ అక్కడే ఉంటుంది, మారేది దాని లోపలున్న ఆ ఇనుము ముద్ద ఒక్కటే.

అందుకే నీ వాచ్‌మన్ పోలిక తీసెయ్యమంటున్నా. వాచ్‌మన్ చూస్తాడు, లోపలికెళ్ళి చెప్తాడు, లోపలున్నవాళ్ళు ఏం చెయ్యాలో ఆలోచిస్తారు. ఇక్కడ చూసేవాడూ లేడు, చెప్పేవాడూ లేడు, ఆలోచించేవాడు అసలే లేడు. ఆక్సిజన్ వల్ల విరిగిపోవడమే ఆ ప్రోటీన్ పని. పోలికలు పెట్టొద్దని కాదు, కానీ ఏ పోలికైనా లేని మెదడు ఒకటి బాక్టీరియాకి తగిలిస్తుంటే మాత్రం దాన్ని కొట్టేసి ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మేలు, ఇంత అందమైన విషయానికి పైన అలంకారం ఎందుకు చెప్పు.

సరే, ఇంతకీ జీన్లు ఎందుకు మార్చుకోవాలి? అది కూడా నువ్వు చెప్పలేదు, "బతకడానికి" అన్నావు, దాంతో ఎవరికీ ఏమీ తెలీదు. ఎలక్ట్రాన్ల లెక్క చెప్పు. తిండిని విరగ్గొడితే ఎలక్ట్రాన్లు వస్తాయి, వాటిని చివరికి ఎవరో ఒకరు తీసుకోవాలి, తీసుకునేవాడు ఆక్సిజన్ అయితే గిట్టుబాటు ఎక్కువ. అది దొరక్కపోతే నైట్రేట్, అదీ లేకపోతే ఫ్యూమరేట్. ఇది ఇష్టాయిష్టాల వరస కాదు, ఎలక్ట్రాన్‌ని లాక్కునే బలం ఆక్సిజన్‌కి సుమారు 820 మిల్లీవోల్టులు, నైట్రేట్‌కి 420, ఫ్యూమరేట్‌కి 30 దగ్గర, ఆ మూడంకెలు రాస్తే చాలు వరస ఎందుకలా ఉందో చదివేవాడికే అర్థమవుతుంది. జీన్లు కూడా ఈ వరసకే కట్టుబడి నడుస్తాయి: ఆక్సిజన్ లేదు కాబట్టి ఫ్యూమరేట్ వాడే ఎంజైమ్ చేయమని ఎఫ్‌ఎన్‌ఆర్ అంటున్నా సరే, నైట్రేట్ అందుబాటులో ఉందంటే నార్‌ఎల్ అనే ఇంకో ప్రోటీన్ ఆ జీన్లను తొక్కిపెడుతుంది. ఏదీ దొరక్కపోతే ఇక కిణ్వనమే, గ్లూకోజ్‌ని ఫార్మేట్, ఎసిటేట్, ఇథనాల్, లాక్టేట్ లాంటి వాటిగా మార్చి బయట పారేసుకుంటూ ఒక్కో గ్లూకోజ్‌కి రెండు మూడు ఏటీపీలతో (కణం శక్తి కోసం ఖర్చుపెట్టే అణువులవి) సరిపెట్టుకుంటుంది.

ఇప్పుడు పెద్ద లోపం దగ్గరికొస్తా. వ్యాసమంతా ఆక్సిజన్ ఉంది, లేదు, ఈ రెండే ఉన్నట్టు రాశావు. కొంచెమే ఉన్నప్పుడు ఏమవుతుందన్నదే కదా అసలు విషయం! నీళ్ళలో ఆక్సిజన్ పాకే వేగం గాల్లోకంటే సుమారు పదివేల రెట్లు తక్కువ, అందుకే కదలకుండా పెట్టిన ఫ్లాస్కులో పైన మూత తీసి ఉన్నా కూడా బాక్టీరియా బాగా పెరిగాక కింద ఉన్నవాటికి అందేది నామమాత్రమే, ల్యాబుల్లో ఆ ఫ్లాస్కులను షేకర్ మీద పెట్టి ఊపుతూ ఉండేది ఇందుకే. ఆ అరకొర ఆక్సిజన్‌లో పనిచేసేది ఆర్క్‌బి అనే, కణం పొరలో ఉండే ప్రోటీన్, తమాషా ఏంటంటే అది ఆక్సిజన్ జోలికే పోదు. పొరలో ఎలక్ట్రాన్లు మోసే క్వినోన్లు ఉంటాయి కదా, ఆక్సిజన్ బాగా ఉన్నప్పుడు అవి తమ బరువు దించుకుని ఖాళీగా ఉంటాయి, ఖాళీ క్వినోన్లు ఉన్నంతసేపు ఆర్క్‌బి నోరెత్తదు. దించుకునే చోటు కరువై అవి నిండుగానే తిరుగుతుంటే ఆర్క్‌బి లేచి, ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్ తీసి తన మీద పెట్టుకుని, దాన్ని ఆర్క్‌ఏ అనే ఇంకో ప్రోటీన్‌కి అందిస్తుంది, ఆ ఆర్క్‌ఏ వెళ్ళి తిండి నుంచి ఎలక్ట్రాన్లు లాగే సిట్రిక్ యాసిడ్ చక్రం జీన్లను తగ్గిస్తుంది, ఎందుకంటే అసలే ఎలక్ట్రాన్లు పోయే దారి లేక ఇరుక్కుంటే ఇంకా తయారు చేసి ఏం లాభం.

ఇక్కడే ఇంకో వివరం ఉంది, దీనికి ఒక పూర్తి పేరా ఇవ్వు. ఈ.కోలైకి ఆక్సిజన్ వాడుకునే ఎంజైమ్‌లలో ముఖ్యమైనవి రెండు, సైటోక్రోమ్ బీఓ, సైటోక్రోమ్ బీడీ. మొదటిది ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నప్పటిది, ఎక్కువ శక్తి ఇస్తుంది. రెండోది తక్కువ శక్తి ఇస్తుంది కానీ ఎంత పలచగా ఉన్న ఆక్సిజన్‌నైనా పట్టేస్తుంది. ఆక్సిజన్ తగ్గుతుంటే ఆర్క్‌ఏ ఈ రెండోదాని జీన్లను పెంచుతుంది, పూర్తిగా పోతే ఎఫ్‌ఎన్‌ఆర్ వచ్చి వాటినే తగ్గించేస్తుంది. అంటే ఒకళ్ళు పెంచేవాళ్ళు, ఒకళ్ళు దించేవాళ్ళు, ఇద్దరి మధ్య ఆ జీన్లు కొద్దిపాటి ఆక్సిజన్ ఉన్న చోటే గరిష్ఠంగా పనిచేస్తాయి. నీ ఆన్ ఆఫ్ స్విచ్ భాషలో ఇది పట్టదు.

క్షయ గురించి భయపెట్టే వాక్యాలు తీసెయ్. అక్కడ కూడా చెప్పాల్సిన విషయం గట్టిదే ఉంది. వేన్ అనే శాస్త్రవేత్త మూత బిగించిన గొట్టంలో క్షయ బాక్టీరియాని నెమ్మదిగా కలియబెడుతూ ఉంచాడు, ఉన్న ఆక్సిజన్‌ని అవే మెల్లగా వాడేసుకుని, పెరగడం ఆపేసి, చావకుండా అలా ఉండిపోయాయి. అదే ఉన్నట్టుండి ఆక్సిజన్ తీసేస్తే చచ్చిపోయాయి. అంటే మారడానికి వాటికి టైమ్ కావాలి, ఆ టైమ్‌లో డాస్‌ఆర్ అనే ప్రోటీన్ సుమారు 48 జీన్లను లేపుతుంది. పెరగని బాక్టీరియా మీద ఐసోనియాజిడ్ లాంటి మందు అంతగా పనిచెయ్యదు, ఎందుకంటే అది కొట్టేది కణం చుట్టూ కొత్త గోడ కట్టే పనిని. ఇంత ఉంటే "నిశ్శబ్ద హంతకి" లాంటి మాటలెందుకు నీకు?

పప్పుజాతి మొక్కల వేళ్ళలో ఉండే రైజోబియం బాక్టీరియా సంగతి మాత్రం అసలు ముట్టుకోలేదు. గాల్లోని నత్రజనిని పట్టే నైట్రోజినేజ్ అనే ఎంజైమ్‌ని ఆక్సిజన్ పాడుచేస్తుంది, అందుకే సైనోరైజోబియం లాంటి వాటిలో ఫిక్స్‌ఎల్ అనే ప్రోటీన్ తనలో ఇనుము ఉండే హీమ్ అనే భాగానికి ఆక్సిజన్ అంటుకుని ఉన్నంతసేపు ఊరుకుంటుంది, అది వదిలాకే నత్రజనిని పట్టే జీన్లను లేపే పని మొదలెడుతుంది. పప్పుజాతి మొక్క వేరు మీద బుడిపెను కోసి చూస్తే లోపల గులాబీ రంగులో ఉంటుంది చూడు, ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్‌ది, ఆక్సిజన్‌ని పట్టుకుని కొంచెం కొంచెంగా అందిస్తుంది. చదివేవాడు తన కళ్ళతో చూడగలిగిన చోటు నీ వ్యాసం మొత్తంలో ఇదొక్కటే దొరుకుతుంది, వదులుకోకు.

జీన్ల పేర్లు మాత్రం కుప్పపొయ్యకు, ఆ మూడో పేజీలో పద్నాలుగు పేర్లు చూసి నాకే కళ్ళు తిరిగాయి. ఈసారి మొత్తం పంపక్కర్లేదు, ఎఫ్‌ఎన్‌ఆర్ పేరా, ఆ రెండు సైటోక్రోమ్‌ల పేరా రాసి పంపు, బొమ్మ ఎక్కడ పెట్టాలో అది చూశాక చెప్తా.

మీ అన్న