తాగి సైకిల్ తొక్కినంత మాత్రాన పరిహారం పోదు

ప్రశ్న: నాలుగు నెలల క్రితం రాత్రి పని ముగించుకుని సైకిల్‌పై ఇంటికి వస్తున్న మా వారిని వెనుక నుంచి కారు ఢీకొట్టింది. కుడి కాలి ఎముక రెండు చోట్ల విరిగింది. ఇప్పటికీ పనికి వెళ్లలేకపోతున్నారు. ఆ రోజు ఆయన కొంత మద్యం తాగిన మాట నిజమే. ఆసుపత్రి కాగితాల్లో ‘మద్యం వాసన ఉంది’ అని రాశారు. దాన్ని చూపించి, ‘కేసు వేసినా పైసా రాదు, మేమిచ్చింది తీసుకుని సంతకం పెట్టండి’ అని కారు యజమాని తరఫువాళ్లు ఒత్తిడి చేస్తున్నారు. నిజంగానే మాకు హక్కు లేదా?

జవాబు: ఉంది. ముందు ఒక్క మాట: వాళ్లు తెచ్చిన ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. కాలు విరిగి మంచాన ఉన్న మనిషిని అపరాధిగా నిలబెట్టి భయపెట్టడం చాలా అన్యాయం. ఇలా భయపడి, రావలసినదాంట్లో పదో వంతుకే రాజీపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. అయితే అది మోటారు వాహనం నడిపేవారికే వర్తిస్తుంది. మామూలు సైకిల్ మోటారు వాహనం కాదు. అలాగని తాగి సైకిల్ ఎలా తొక్కినా ఫరవాలేదని కాదు. ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగేలా తొక్కితే భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్ కింద కేసు పెట్టవచ్చు. కానీ అది వేరే సంగతి. మీ వారి పరిహారం దానిమీద ఆధారపడదు.

పరిహారం కేసులో ట్రైబ్యునల్ (మోటారు ప్రమాదాల పరిహారం కేసులు విచారించే ప్రత్యేక న్యాయస్థానం) తేల్చేది ఒకటే: ప్రమాదం ఎవరి నిర్లక్ష్యం వల్ల జరిగింది? తాగడం ఒక సంగతి, ఆ తాగుడు వల్లే ప్రమాదం జరగడం మరొక సంగతి. మొదటిది ఒప్పుకున్నంత మాత్రాన రెండోది రుజువైనట్టు కాదు. ఆయన తూలుతూ రోడ్డు మధ్యకు వచ్చారా, ఎదురుదిశలో వస్తున్నారా, హఠాత్తుగా పక్కకు తిప్పారా? ఇవేవీ లేకుండా ఎడమ అంచున తన దారిన తాను వెళ్తుంటే, వెనుక నుంచి వచ్చి గుద్దిన కారుకు ఆయన కడుపులోని మద్యంతో సంబంధమేమిటి? చుక్క ముట్టని మనిషి అదే చోట ఉన్నా ఆ కారు గుద్ది ఉండేది.

సుప్రీంకోర్టు 2020లో ఇలాంటి వాదననే తోసిపుచ్చింది. మోటారు సైకిల్‌పై ముగ్గురు వెళ్తుండగా వెనుక నుంచి కారు ఢీకొన్న కేసు అది. ముగ్గురు ఎక్కడం నిబంధనల ఉల్లంఘనే అయినా, ప్రమాదానికి దానికి కార్యకారణ సంబంధం చూపించనిదే పరిహారంలో కోత వేయకూడదని తీర్పు చెప్పింది. మీ కేసులో ఈ తీర్పును తప్పక ఉదహరించాలి.

ఇక ‘మద్యం వాసన’ అన్న రాత. వాసన తాగినట్టు చెబుతుందేమో గానీ, ఎంత తాగారో, ఒళ్లు తెలియని స్థితిలో ఉన్నారో లేదో చెప్పదు. వాసన, తూలే నడక, తడబడే మాట ఉన్నంత మాత్రాన మత్తులో ఉన్నట్టు రుజువు కాదని 1971లోనే ఒక క్రిమినల్ కేసులో సుప్రీంకోర్టు అంది. రక్తపరీక్ష చేశారేమో కనుక్కోండి. ఆసుపత్రి కేసుషీటులోనే ‘స్పృహలో ఉన్నాడు, ప్రశ్నలకు సరిగా జవాబిస్తున్నాడు’ అని రాసి ఉంటే అది మీకు పెద్ద బలం. సైకిల్‌ను బాగు చేయించకండి, పాత ఇనుముకు వేయకండి. వంగిన వెనుక చక్రం చెప్పినంత స్పష్టంగా సాక్షి కూడా చెప్పలేడు. ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు, ప్రమాదస్థలం పటం నకళ్లు తీసుకోండి.

ఒకవేళ ఆయన తప్పు కూడా కొంత ఉందని తేలితే? అప్పుడూ పరిహారం మొత్తం పోదు. ప్రమాదంలో బాధితుడి తప్పు కూడా కొంత ఉండటాన్నే కంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్ అంటారు. మొత్తం నష్టం పది లక్షలని లెక్కతేలి, ఆయన వాటా ఇరవై శాతమని ట్రైబ్యునల్ భావిస్తే ఎనిమిది లక్షలు వస్తాయి. ఆ తప్పును రుజువు చేయాల్సిన బాధ్యత కూడా అవతలివాళ్లదే.

దయచేసి తాగలేదని మాత్రం బుకాయించకండి. కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ ఒక్క అబద్ధం బయటపడితే, కారు వెనుక నుంచి వచ్చిందన్న నిజాన్ని కూడా నమ్మరు. మీ వకీలుకు మొదటి రోజే ఉన్నదున్నట్టు చెప్పండి.

తప్పు ఎవరిదన్న చర్చే లేకుండా మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద కూడా పరిహారం కోరవచ్చు. తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు వస్తుంది. ఎముక విరిగితే తీవ్ర గాయమే. కానీ తొందరపడకండి. చట్టం చెప్పిన పద్ధతిలో ఆ సొమ్ము అంగీకరిస్తే 166వ సెక్షన్ కింద వేసే పూర్తి పరిహారం దరఖాస్తు రద్దవుతుంది. వైద్యఖర్చులు, పోయిన సంపాదన, కాలికి మిగిలిపోయే వైకల్యం చూస్తే మీకు రావలసింది అంతకంటే చాలా ఎక్కువ కావచ్చు. వెనుక నుంచి గుద్దినట్టు ఆధారాలుంటే 166నే ఎంచుకోమంటాను.

కారు నడిపిన వ్యక్తి తాగి ఉన్నాడేమో కూడా వాకబు చేయండి. అలా తేలితే బీమా కంపెనీ తప్పించుకోవాలని చూస్తుంది. అయినా ముందు మీకు చెల్లించి, తర్వాత యజమాని నుంచి రాబట్టుకోమని ఆదేశించాలని ట్రైబ్యునల్‌ను కోరవచ్చు. మీ వారి పేరిట సొంత ప్రమాద బీమా పాలసీ ఉంటే అది వేరు. అందులో మద్యం మత్తుకు మినహాయింపు షరతు ఉందేమో చదవండి.

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా దరఖాస్తు వేయాలి. మీకు నాలుగు నెలలు గడిచాయి. పోలీసులు ట్రైబ్యునల్‌కు ప్రమాద నివేదిక పంపి ఉంటారులే అని ఊరుకోకండి. ప్రమాదం జరిగిన చోటే కాదు, మీరు నివసించే ప్రాంతంలోని ట్రైబ్యునల్‌లోనూ వేయవచ్చు. ఈ వారంలోనే ఒక వకీలును కలవండి.